ముడుమాల్ నిలువురాళ్ల నీడలో

హైదరాబాదు నుంచి మహబూబ్‌నగర్, దేవరకద్ర, మక్తల్‌ల మీదుగా రాయచూరుకు సాగే రహదారి కృష్ణా నదిని దాటడానికి కొంత ముందు, నారాయణపేట జిల్లా కృష్ణా మండలంలో ముడుమాల్ అనే ఊరు ఉంది. కృష్ణా నది తెలంగాణలో అడుగుపెట్టే ప్రాంతమిది. తెలుగు, కన్నడం, దక్కనీ ఉర్దూ మూడూ ఒకే సంతలో వినిపించే సరిహద్దు సీమ. ఆ ఊరి పొలాల నడుమ, నిలబెట్టినవారి పేరుగానీ జాతిగానీ నమోదు కాని శిలలు వరుసలు తీరి నిలిచి ఉన్నాయి. వాటిలో ఎత్తైనవి సుమారు 80. ఒక్కొక్కటి 10 నుంచి 14 అడుగులు. వాటి చుట్టూ దాదాపు 80 ఎకరాల మేర పరచుకున్న చిన్న రాళ్లు 3,000 వరకు ఉంటాయి. ఇవి 3,500 నుంచి 4,000 సంవత్సరాల నాటివని పరిశోధకుల అంచనా. అంటే హజ్రత్ మూసా (అలైహిస్సలాం) కాలం కంటే ముందే ఇక్కడ ఎవరో ఈ రాళ్లను మోసుకొచ్చి, గుంట తీసి, నిటారుగా నిలిపారన్నమాట.

2025లో ఈ స్థలం యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో చేరింది. తాత్కాలిక జాబితా అంటే గుర్తింపు లభించినట్లు కాదు, గుర్తింపు కోరడానికి అర్హత పొందినట్లు మాత్రమే. ఆ వార్త వచ్చిన కొద్ది రోజులకు మా బంధువుల ఇంట భోజనాల వేళ ఆ ప్రస్తావన వచ్చింది. "అవి మనవి కావు కదా, రాళ్లతో మనకేమి పని?" అని ఒక పెద్దాయన తేల్చివేశారు. ఆ మాట నాలో నిలిచిపోయింది. ముప్పై ఏళ్లుగా పిల్లలకు నమాజు వేళల అధ్యాయం బోధిస్తున్నవాణ్ణి. నిటారుగా నిలబెట్టిన ఒక వస్తువు, దాని నీడ, ఈ రెండింటినీ పక్కనబెడితే ఆ అధ్యాయంలో మిగిలేది చాలా తక్కువ. అటువంటప్పుడు నిలువురాళ్లతో మనకు పని లేదనడం ఎలా?

డిసెంబరు మూడవ వారంలో, మద్రసా పై తరగతుల విద్యార్థులు పదకొండు మందితో అక్కడికి బయలుదేరాను. ఆ వారాన్ని ఎంచుకోవడానికి కారణం ఉంది. డిసెంబరు 21, 22 తేదీల్లో సూర్యుడు దక్షిణాన తన చివరి హద్దును చేరుకుంటాడు. పంచాంగాలు దీనినే ఆయనాంతం అంటాయి. జూన్ 21 ప్రాంతంలో ఉత్తరపు హద్దు. ముడుమాల్‌లో కొన్ని శిలల వరుసలు ఈ రెండు హద్దుల వద్ద సూర్యుని ఉదయాస్తమయాలకు ఎదురుగా ఉన్నాయని హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయానికి చెందిన ఆచార్య కె.పి. రావు ఏళ్ల తరబడి చేసిన పరిశీలనలో గుర్తించారు. పుస్తకంలో చదివి ఒప్పుకోవడం కంటే కళ్లతో చూడటం మేలని నా అభిప్రాయం. పయనించి చూడమనీ, పూర్వీకుల జాడలను గమనించమనీ దివ్య ఖుర్‌ఆన్ అనేకసార్లు ఆదేశిస్తుండగా, మన మద్రసాల పిల్లలు తరగతి గది దాటకపోవడం నాకు ఎప్పుడూ వెలితిగానే తోస్తుంది.

రహదారి మీద బస్సు దిగి పొలాల గట్ల వెంట నడిచాము. పత్తి ఏరుతున్న స్త్రీలు తలెత్తి చూసి మళ్లీ పనిలో పడ్డారు. కంది చేలు ముదురు పసుపులో ఉన్నాయి. దూరం నుంచి చూసినప్పుడు ఆ శిలలు మనుషుల గుంపులా కనిపించాయి. దగ్గరికి వెళ్లేకొద్దీ ఆ పోలిక చెదిరిపోయి, కేవలం రాళ్లే మిగిలాయి. చెక్కడం లేదు, నునుపు లేదు, అక్షరం లేదు. నీలి, బూడిద వన్నెల నాపరాయి వంటిది కాదు, ముతక గ్రానైటు. పన్నెండు అడుగుల ఎత్తు, మూడు అడుగుల వెడల్పు, రెండు అడుగుల మందం గల ఒక రాయిని లెక్క కట్టమని గణితం బాగా వచ్చిన ఒక విద్యార్థికి చెప్పాను. అయిదు టన్నుల పైచిలుకు వచ్చింది. నేలలో పాతుకుపోయిన భాగం ఆ లెక్కలో లేదు. క్రేను లేని కాలం అది. పిల్లలు కొంతసేపు మాట్లాడలేదు.

అక్కడి జనులు వీటిని నిలువురాళ్లు అంటారు. 'నిలువురాళ్ల తిమ్మప్ప' అని మొక్కేవారున్నారు. ఒక శిలను ఎల్లమ్మగా కొలుస్తారు. దాని మీద పసుపు, కుంకుమ ఉన్నాయి. దానికి ఎడంగా నడవమనీ, చెప్పులతో సమీపానికి పోవద్దనీ, నవ్వులాట వద్దనీ పిల్లలకు ముందే చెప్పి ఉన్నాను. పరుల ఆరాధ్యాలను తూలనాడరాదన్నది మనకు ఖుర్‌ఆన్ విధించిన మర్యాద.

అక్కడే ఒక విద్యార్థి నేను ఎదురుచూస్తున్న ప్రశ్న అడిగాడు. "హజ్రత్, ఇవి అన్సాబ్ కావా? వీటిని చూడటానికి రావడం సమ్మతమేనా?" చదువుకునే పిల్లవాడికి ఆ సందేహం రాకపోతేనే ఆశ్చర్యపడాలి. అన్సాబ్ అంటే అజ్ఞాన కాలంలో అరబ్బులు నిలబెట్టి, వాటి వద్ద జంతువులను బలి ఇచ్చిన శిలలు. వాటిని ఖుర్‌ఆన్ నిషేధించింది. అయితే నిషేధం ఎక్కడ పడింది, రాయి నిటారుగా ఉండటం మీదనా, దాని ముందు మనిషి చేసిన పని మీదనా అని వాడినే తిరిగి అడిగాను. వాడు ఆలోచించి, "పని మీద" అన్నాడు. "మరి మనం ఇక్కడ చేయబోయే పని ఏమిటి బేటా?" అన్నాను. "కొలవడం" అన్నాడు. ఇంకొకడు మరో అడుగు ముందుకు వేశాడు. తబూక్ ప్రయాణంలో సమూద్ జాతి నివసించిన హిజ్ర్ ప్రాంతం గుండా సాగినప్పుడు దైవప్రవక్త (సఅసం) అనుచరులను త్వరగా దాటిపొమ్మన్నారు కదా, ఈ స్థలం కూడా అలాంటిదేమో అని వాడి అనుమానం. సమూద్ మీద శిక్ష దిగిన సంగతి అల్లాహ్ తెలియజేశాడు కనుక మనకు తెలుసు. ముడుమాల్ వారి గురించి అటువంటి సమాచారం ఏదీ లేదు. తెలియని జాతి మీద శిక్షను మనం ఊహించి మోపడం న్యాయం కాదని చెప్పాను. ప్రతి జాతిలోనూ హెచ్చరించేవాడు ఒకడు వచ్చాడన్న విశ్వాసం మనది. ఇక్కడివారికి ఎవరు వచ్చారో, వారు ఏమి విన్నారో అల్లాహ్‌కే ఎరుక.

మధ్యాహ్నానికి అసలు పాఠం మొదలైంది. నాలుగు అడుగుల కర్రను చదునైన నేలలో నిటారుగా పాతాము. దాని మొదలు కేంద్రంగా తాడుతో ఒక వృత్తం గీశాము. ఉదయం నీడ కొన వృత్తాన్ని తాకి లోపలికి వచ్చిన చోట ఒక గులకరాయి, మధ్యాహ్నం దాటాక మళ్లీ తాకి బయటికి పోయిన చోట మరొక గులకరాయి పెట్టాలి. ఆ రెండింటినీ కలిపిన గీత తూర్పు పడమరలు. దానికి లంబంగా కర్ర మొదలు మీదుగా గీసినది ఉత్తర దక్షిణాలు. ముస్లిం ఖగోళవేత్తలు ఈ పద్ధతిని 'అద్దాయిరతుల్ హిందియ్యా', అంటే భారతీయ వృత్తం అని పిలిచారు. పేరులోనే రుణాన్ని ఒప్పుకున్నారు. నీడల విషయమై ప్రత్యేకంగా ఒక గ్రంథమే రాసిన అల్ బీరూనీ ఈ దేశపు శాస్త్రాలను నేర్చుకోవడానికి సంస్కృతం అభ్యసించినవాడు. డమాస్కస్ జామె మసీదులో నమాజు వేళలు నిర్ణయించే పదవిలో ఉన్న ఇబ్నుష్షాతిర్ 1371లో అక్కడి మీనారు మీద నీడ గడియారాన్ని అమర్చాడు. ఆ విద్య అంతటికీ మూలం నిటారుగా నిలబెట్టిన ఒక వస్తువే.

ఆ రోజు అక్కడ సూర్యుడు నడిమింటికి చేరింది సుమారు 12 గంటల 18 నిమిషాలకు. నాలుగు అడుగుల కర్ర నీడ మూడు అడుగుల నాలుగు అంగుళాలు, సరిగ్గా ఉత్తరానికి. అదే క్షణంలో పన్నెండు అడుగుల శిల నీడ పది అడుగులు ఉండాలి. కొలిచి చూస్తే అంతే ఉంది. కర్రకూ శిలకూ ఒకే నిష్పత్తి అని పలకమీద వంద సార్లు చెప్పినా అంటనిది ఆ ఒక్క కొలతతో అంటింది. హనఫీ మతాన్ని అనుసరించి అస్ర్ వేళ రావాలంటే ఈ మధ్యాహ్నపు నీడకు కర్ర పొడవుకు రెట్టింపు కలవాలి, అంటే పదకొండు అడుగుల నాలుగు అంగుళాలు. షాఫయీ మతం ప్రకారమైతే ఏడు అడుగుల నాలుగు అంగుళాలు. మధ్యాహ్నపు నీడను ఎందుకు కలపాలో పుస్తకంలో చదివినప్పుడు పిల్లలకు బోధపడదు. డిసెంబరులో ఆ నీడ ఇంత పొడవుంటుందనీ, మే మొదటివారంలో ఒకనాడూ ఆగస్టు మొదటివారం చివర మరొకనాడూ అదే చోట నీడే ఉండదనీ తెలిస్తే ఆ నియమంలోని కారణం దానంతటదే కనిపిస్తుంది.

జుహ్ర్ నమాజు అక్కడే పొలం అంచున చేశాము. శిల ఏదీ ఎదురుగా పడకుండా తెరపి చూసుకుని వరుస కట్టాము. నీడ కొలిచిన కర్రనే ముందు పాతి సుత్రాగా చేసుకున్నాము. దైవప్రవక్త (సఅసం) బయట నమాజు చేయించేటప్పుడు చిన్న బల్లెం ముందు పాతించుకునేవారని హదీసుల్లో ఉన్నది.

నమాజు తరువాత గొర్రెల మందతో వచ్చిన ఒక వృద్ధుడు మా దగ్గర ఆగాడు. మేము వేసిన గీతలను చూసి నవ్వాడు. "ఏం కొలుస్తుండ్రు సాబ్?" అన్నాడు. "నీడను కొలుస్తున్నాము పెద్దాయనా" అన్నాను. చాలాసేపు మాట్లాడాడు. "మా తాత కాలంల ఇంకా మస్తు ఉండెనంట సాబ్. దున్నంగ నాగలికి అడ్డమొస్తె ఎద్దుల గట్టి ఈడ్చి గట్టుకేసిండ్రు. కొన్ని గోడలకు, కొన్ని కడపలకు వోయినయి" అని చెప్పాడు. అతని మాటలో నిష్ఠూరం లేదు. పొలం చేసుకునేవాడికి మూడు అడుగుల రాయి మూడు అడుగుల పంట నష్టం. అతణ్ణి తప్పుపట్టే అధికారం పట్టణంలో కూర్చున్న మనకు లేదు.

కానీ జరిగిన నష్టం ఏమిటో పిల్లలకు చెప్పవలసి వచ్చింది. విడి రాయికి ఇక్కడ విలువ లేదు. ఒక రాయికీ మరొక రాయికీ మధ్య దూరం, ఒక వరుస చూపే దిక్కు, ఇదే ఈ స్థలంలో రాసి ఉన్న సమస్తం. ఒక రాయిని పది అడుగులు జరిపితే అది పగిలిపోదు, అరిగిపోదు, కానీ అది చెప్పవలసిన మాట పోతుంది. ఆ మాటను మళ్లీ అక్కడ పెట్టగలవారు ఎవరూ లేరు.

ఈ సందర్భంలో అబ్దుల్లతీఫ్ అల్ బగ్దాదీని తలచుకోకుండా ఉండలేను. క్రీ.శ. 1162లో బగ్దాదులో పుట్టిన వైద్యుడు, పండితుడు. సలాహుద్దీన్ అయ్యూబీ కాలంలోనూ ఆ తరువాతా ఈజిప్టులో ఉన్నాడు. సలాహుద్దీన్ కుమారుడు మలిక్ అజీజ్ ఉస్మాన్‌కు 1196లో కొందరు అవివేకులు సలహా ఇవ్వగా, పెద్ద పిరమిడ్లు మూడింటిలో చిన్నదాన్ని కూల్చడానికి పూనుకున్నాడు. రాతి పనివాళ్లు, సొరంగాలు తవ్వేవాళ్లు ఎనిమిది నెలలు శ్రమించారు. రోజంతా కష్టపడితే ఒకటి రెండు రాళ్లు కదిలేవి. చివరికి ధనమూ ఓపికా రెండూ అయిపోయి వదిలిపెట్టారు. ఆ పిరమిడ్ ఉత్తరపు ముఖం మీద నిలువునా పడిన గాటు నేటికీ కనిపిస్తుంది. బగ్దాదీ అక్కడికి వెళ్లి పని జరుగుతుండగా చూశాడు. కూలివారిలో ఒక పెద్దను పిలిచి, వేయి దీనార్లు ఇస్తే పడగొట్టిన రాళ్లలో ఒక్కదాన్ని తిరిగి దాని స్థానంలో పెట్టగలరా అని అడిగాడట. అంతకు అనేక రెట్లు ఇచ్చినా చేతకాదని ఆ మనిషి ప్రమాణం చేసి చెప్పాడట. ఇది చెప్పినవాడు ఏ విగ్రహారాధకుడూ కాడు, హదీసు విద్యలో ఆరితేరిన ముస్లిం పండితుడు. పూర్వుల నిర్మాణాలు మిగిలి ఉండటంలో చరిత్రకు సాక్ష్యమున్నదనీ, వాటిని ధ్వంసం చేసేవారు చాలావరకు లోపల నిధి ఉందనుకునే లోభులనీ ఆయన అభిప్రాయం. మన పల్లెల్లోనూ రాక్షస గూళ్లుగా పిలిచే పాతకాలపు రాతి సమాధులను గుప్త నిధుల ఆశతో తవ్విపోసేవారున్నారు. ఎనిమిది శతాబ్దాలలో ఆ జబ్బు మారలేదు.

'మనవి కావు' అన్న మాటకు చరిత్ర నుంచి ఇంకొక జవాబు కూడా ఉంది. దక్కన్‌లో ఇటువంటి అవశేషాలను పట్టించుకున్నవారిలో ముస్లిం పండితులు ముందువరుసలో ఉన్నారు. నిజాం రాజ్యంలో 1914లో పురావస్తు శాఖ ఏర్పడినప్పుడు దాని బాధ్యత వహించినవారు మౌల్వీ గులాం యజ్దానీ. అజంతా చిత్రాల మీద ఆయన చేసిన కృషి లోకప్రసిద్ధం. అయితే 1917లోనే ఆయన దక్కన్ బృహత్ శిలా సమాధుల గురించి వ్యాసం ప్రచురించి, వాటిలో దొరికిన కుండల మీది గీతల గుర్తులను నమోదు చేశారని తెలిసినవారు తక్కువ. ఆయన తరువాత అదే శాఖను నడిపిన ఖ్వాజా ముహమ్మద్ అహ్మద్ గోదావరి ప్రాంతపు జానంపేటలో ఇటువంటి సమాధులను తవ్వి పరిశీలించారు. వారు నమాజీలు, విశ్వాసులు. ఆ పని తమ విశ్వాసానికి అడ్డమని వారికి తోచలేదు. అంతకు చాలా ముందు నిజాం కొలువులోని మెడోస్ టేలర్ అనే ఆంగ్లేయుడు ఇక్కడికి ఎంతో దూరం కాని సురపురంలో ఉంటూ, నేటి యాదగిరి జిల్లా విభూతిహళ్లిలోని రాళ్ల వరుసలను వర్ణించాడు. ముడుమాల్‌కు అది చుట్టమే.

సాయంకాలం గుంటలు తొలిచిన ఒక బండను చూడటానికి వెళ్లాము. నేల మీది ఆ రాతి మీద చిన్న గిన్నెల వంటి గుంటలు ఉన్నాయి. కొన్ని సప్తర్షి మండలం ఆకారంలో అమరి ఉండటాన్ని కె.పి. రావు గుర్తించారు. ఆ ఏడు నక్షత్రాలలో చివరి రెండింటిని కలిపిన గీతను పొడిగిస్తే ధ్రువ నక్షత్రం దొరుకుతుందని పిల్లలందరికీ తెలుసు. ఇక్కడ ఒక్క జాగ్రత్త అవసరం. భూమి ఇరుసు మెల్లగా తిరుగుతూ ఉండటం వలన నాలుగు వేల ఏళ్ల క్రితం నేటి ధ్రువ నక్షత్రం ధ్రువ స్థానానికి దగ్గరలో లేదు. కనుక ఆ మనుషులు చూసిన ఉత్తరాకాశం, మనం చూసేది ఒకటి కావు. అయినా ఆ ఏడింటినీ వారు గుర్తుపట్టి రాతికి ఎక్కించారంటే, రాత్రులు ఎంతకాలం తలెత్తి చూసి ఉంటారు!

సమయం పావు తక్కువ ఆరు దాటింది. ఒక వరుస చివర నిలబడి నైరుతి వైపు చూశాము. సూర్యుడు సరి పడమటికి దాదాపు 24 డిగ్రీలు ఎడమగా, ఆ శిలల దారి వెంట దిగాడు. జూన్‌లో అయితే అంతే దూరం కుడివైపున అస్తమిస్తాడు. ఈ రెండు కొసల మధ్య సూర్యుని సంవత్సరమంతా ఇమిడి ఉంది. మన హిజ్రీ సంవత్సరం 354 రోజులది, ఋతువుల గుండా జరిగిపోతూ ఉంటుంది. రమజాను చలిలోనూ వస్తుంది, ఎండలోనూ వస్తుంది. అందులో ఒక కరుణ ఉన్నది. కానీ జొన్న విత్తడానికి చంద్రమాసం సరిపోదు. అందుకే దక్కన్ ముస్లిం పాలకులు శిస్తు వసూలుకు సౌరమానమైన ఫసలీ సంవత్సరాన్ని పాటించారు. మన పాత పహాణీల మీద నేటికీ ఆ పేరు కనిపిస్తుంది. పాలకులకు దస్తరం ఉంది, మున్షీ ఉన్నాడు. ముడుమాల్ వారికి లిపి లేదు. వానకాలం ఎప్పుడొస్తుందో మనుమలకు తెలియాలంటే అయిదు టన్నుల రాయిని నిలబెట్టక తప్పలేదు.

తిరుగు ప్రయాణానికి ముందు, చిన్నవాడొకడు మేకుతో ఒక శిల మీద తన పేరులోని మొదటి అక్షరం గీకబోతుంటే తోటివాళ్లే చేయి పట్టుకున్నారు. నేను జోక్యం చేసుకోనక్కర లేకపోయింది.

వెళ్లాలనుకునే కుటుంబాలకు రెండు మాటలు. చలికాలమే అనుకూలం. నీళ్లు, భోజనం వెంట తీసుకెళ్లాలి. పంట చేల గుండా నడవవలసి వస్తే యజమానిని అడగాలి. స్త్రీలూ పిల్లలూ ఉంటే మగ్రిబ్ లోపు రహదారి చేరేలా చూసుకోవడం మంచిది. నీడ ఉన్న చెట్లు తక్కువ, గొడుగు మరువకండి.

వెళ్లలేనివారు ఆ పాఠంలో ఒక భాగాన్ని ఇంటి ముంగిట్లోనే చేసి చూడవచ్చు. ముడుమాల్ నుంచి ఖిబ్లా సరి పడమర కాదు, దానికి సుమారు 14 డిగ్రీలు ఉత్తరంగా ఉంటుంది. మన ప్రాంతమంతటా కొద్ది తేడాతో ఇంతే. ఏటా మే 27, 28 తేదీల్లో మన గడియారం ప్రకారం మధ్యాహ్నం 2 గంటల 48 నిమిషాలకు సూర్యుడు మక్కాలో కాబా గృహానికి నడినెత్తిన ఉంటాడు. జూలై 15, 16 తేదీల్లో 2 గంటల 57 నిమిషాలకు మళ్లీ అదే స్థితి. ఆ నిమిషంలో ముంగిట్లో ఒక కర్ర నిలబెట్టి దాని నీడ మీద సున్నంతో గీత గీయండి. నీడ కొన నుంచి కర్ర మొదలు వైపు చూపే దిక్కే మీ ఇంటి ఖిబ్లా. జూలైలో మబ్బులు అడ్డుపడతాయి కాబట్టి మే నెలే మేలు. కర్ర నిటారుగా ఉన్నదో లేదో తెలుసుకోవడానికి దారానికి చిన్న రాయి కట్టి దాని పక్కన వేలాడదీసి చూడాలి.